సొంత రక్తం ఇంజెక్షన్ మోకాలి దాకా వచ్చిన దారి

డెంగ్యూ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల పేరు తెలియని ఇల్లు లేదు మనకి. కానీ వాటి పని రక్తం గడ్డకట్టించడంతో అయిపోదు. వాటి నుంచి వచ్చే ఏదో పదార్థం వల్ల చుట్టుపక్కల కణాలు పెరుగుతున్నాయని 1974లో బయటపడింది. గ్రోత్ ఫ్యాక్టర్లంటే ఇలాంటివే. అంతకు ముందే, 1950ల్లో, నరాల్ని పెంచే ఫ్యాక్టర్‌ని పట్టుకున్న రీటా లెవీ మాంటల్చినీకి 1986లో నోబెల్ కూడా వచ్చింది.

చర్మం తెగితే కొద్ది రోజుల్లో మానుతుంది, మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు) దెబ్బతింటే మాత్రం నెలల తరబడి సతాయిస్తుంది, ఎందుకంటే అక్కడికి రక్తం వెళ్లేదే తక్కువ. కీళ్లలో ఎముకల చివర్లకి ఉండే నున్నటి పొర, కార్టిలేజ్‌కైతే రక్తనాళాలే లేవు. మరి రక్తంలో ఉన్న సరుకుని మనమే అక్కడికి చేరిస్తే?

అదే పీఆర్పీ, అంటే ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా. చేతి నుంచి తీసిన రక్తాన్ని మెషీన్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగిపోతాయి, పైన లేత పసుపు నీరు తేలుతుంది, ఆ రెంటి మధ్య సన్నటి తెల్లపొర. ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ఆ భాగాన్ని లాగి నొప్పి ఉన్న చోట గుచ్చుతారు. 1998లో దీనికి పేరొచ్చింది దవడ ఎముక ఆపరేషన్లలో, మోకాలిలో కాదు!

మోకాలికి గిరాకీ తెచ్చింది ఆట. 2009లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు హైన్స్ వార్డ్ మోకాలి లిగమెంట్ (ఎముకని ఎముకకి కలిపే పట్టీ) దెబ్బతిన్నాక ఈ ఇంజెక్షన్ తీసుకుని రెండు వారాల్లో ఆ ఆట ఫైనల్, సూపర్ బౌల్ ఆడేశాడు. అది ఇంజెక్షన్ మహిమేనా, ఎలాగూ మానేదేనా అని ఆగి అడిగినవాళ్లు తక్కువే. ఆటల్లో డోపింగ్‌ని అడ్డుకునే వాడా సంస్థ 2010లో కండరాల్లోకి పీఆర్పీ ఎక్కించడాన్ని నిషేధించి, మరుసటి ఏడాదే ఎత్తేసింది.

పరీక్షల్లో కథ వేరేగా నడిచింది. 2010లో నెదర్లాండ్స్‌లో మడమ టెండన్ నొప్పి ఉన్న 54 మందికి సగం పీఆర్పీ, సగం ఉత్త సెలైన్ ఇస్తే ఆరు నెలలకి తేడా లేదు. అదే దేశంలో అదే ఏడాది టెన్నిస్ ఎల్బోకి (మోచేతి బయటివైపు టెండన్ నొప్పి) మాత్రం స్టెరాయిడ్ కంటే మెరుగని తేలింది (అక్కడ పోల్చింది సెలైన్‌తో కాదు, అది గుర్తుంచుకోవాలి). 2021లో ఆస్ట్రేలియాలో మోకాళ్లు అరిగిన 288 మందిని సెలైన్‌తో పోల్చి ఏడాది పాటు చూస్తే నొప్పిలోనూ తేడా లేదు, కార్టిలేజ్‌లోనూ లేదు.

ఇన్ని ఫ్యాక్టర్ల కలగూరగంప ఎందుకు, ఒకే ఫ్యాక్టర్‌ని విడిగా ఇద్దామనుకున్నవాళ్లూ ఉన్నారు. అరిగిన మోకాళ్ల మీద పరీక్షించిన స్ప్రిఫెర్మిన్ అనే మందు అలాంటిదే. 2019 ఫలితాల్లో, రెండేళ్ల తర్వాత, ఎక్కువ డోసు తీసుకున్నవాళ్ల కార్టిలేజ్ మందం ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే 0.05 మిల్లీమీటర్లు ఎక్కువ. స్కాన్‌లో కనిపించింది. నొప్పి దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే.