స్కోరు ఒక్కటే చూడకండి: మనస్తత్వ పరీక్షలు, పరిశోధనలపై అపోహలు - వాస్తవాలు

"మా వాడికి ఎంత వచ్చిందండీ?" పరీక్ష పూర్తయ్యాక తల్లిదండ్రులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. క్లినికల్ సైకాలజిస్టుగా పరీక్షలు పెట్టడం, రిపోర్టులు రాయడం, విద్యార్థుల పరిశోధనలకు గైడ్‌గా ఉండటం నా రోజువారీ పని. అంకెను తప్పుగా తీసినా, తప్పుగా చదివినా నష్టపోయేది ఆ రిపోర్టు మీద పేరున్న మనిషే. అందుకే కొలత సరిగ్గా ఉండటమూ మనిషి పట్ల న్యాయంగా ఉండటమూ వేరువేరు అని నేను అనుకోను. నాకు తరచూ ఎదురయ్యే కొన్ని అపోహల గురించి రాస్తున్నాను.

అపోహ: ఐక్యూ పుట్టుకతో వచ్చే అంకె. ఒకసారి తేలితే జీవితాంతం అంతే.

1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ తొలి పరీక్ష తయారుచేసింది బడిలో వెనకబడిన పిల్లల్లో ఎవరికి అదనపు సాయం కావాలో గుర్తించడానికి. తెలివి పెరిగేది కాదన్న వాదనను బినే గట్టిగా వ్యతిరేకించాడు. ఆయన పరీక్షనే తర్వాతివాళ్లు పిల్లల నుదుటి రాతలా వాడారు.

లెక్క చూడండి. చాలా ఐక్యూ పరీక్షల్లో సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) 15. విశ్వసనీయత, అంటే స్కోరు ఎంత నిలకడగా ఉంటుందన్న కొలత, గరిష్ఠంగా 1 ఉంటుంది. అది 0.95 ఉన్న పరీక్ష అంటే చాలా మంచి పరీక్ష. అయినా దానిలో స్కోరుకు అటూ ఇటూ ఆరేడు పాయింట్ల తేడాకు అవకాశం ఉంటుంది. రిపోర్టులో 68 ఉంటే అసలు స్థాయి 61 నుంచి 75 లోపు ఎక్కడైనా ఉండొచ్చు. మేధోవైకల్యానికి 70 దగ్గర గీత గీసి, 68 వచ్చిన పిల్లవాడిని ఒకవైపు, 72 వచ్చిన పిల్లను మరోవైపు నిలబెట్టే బలం ఆ ఒక్క పరీక్షకు లేదు. మేధోవైకల్యం నిర్ధారించాలంటే తనంతట తాను తినడం, బట్టలు వేసుకోవడం, చిల్లర లెక్క చూసుకోవడం, నలుగురిలో మెలగడం కూడా చూసి తీరాలి. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపుకు వెళ్లేవాళ్లు ఈ సంగతులు ముందే రాసుకుని వెళ్తే మంచిది. ఐదు నిమిషాల్లో అడిగితే ఏ తల్లికీ అన్నీ గుర్తుకు రావు.

పరీక్ష మొదలుపెట్టే ముందు నేను చూసుకునేవి చాలా మామూలు విషయాలు. చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా? కళ్లద్దాలు తెచ్చారా? తెల్లవారుజామున బస్సెక్కి ఏమీ తినకుండా వచ్చారా? ఫిట్స్ మందు వల్ల మగతగా ఉన్నాడా? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? ఇంట్లో గోండి మాట్లాడుతూ బడిలో తెలుగు నేర్చుకుంటున్న పిల్లవాడికి తెలుగులో ప్రశ్నలు వేసి తక్కువ మార్కులు వేస్తే, నేను కొలిచింది వాడి తెలివిని కాదు. ఇక నార్మ్స్ సంగతి. ఎవరితో పోల్చి స్కోరు ఇస్తామో ఆ పిల్లల లెక్కలే నార్మ్స్. మన దేశంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న బినే-కామత్ పరీక్షను 1930లలో బొంబాయి ప్రెసిడెన్సీలోని కన్నడ, మరాఠీ పిల్లల మీద రూపొందించారు. ఈనాటి నల్గొండ పిల్లను వాళ్లతో పోల్చి చెప్పే అంకెను ఎంత జాగ్రత్తగా చదవాలో ఆలోచించండి. ఏ పరీక్ష పెట్టారు, దాని నార్మ్స్ ఎప్పటివి అని తల్లిదండ్రులు అడగొచ్చు. అది మీ హక్కు.

అపోహ: వేలిముద్రలు స్కాన్ చేసి పిల్లల ప్రతిభ చెప్పొచ్చు.

చెప్పలేరు. డీఎంఐటీ పేరుతో స్కూళ్లలో వేల రూపాయలు తీసుకుని చేసే ఈ పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా చెప్పింది. ఆ డబ్బుతో పిల్లలకు మంచి కథల పుస్తకాలు కొనివ్వండి.

అపోహ: ప్రశ్నావళిలో 10 దాటితే డిప్రెషన్ ఉన్నట్టే.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిని ఇప్పుడు అందరూ వాడుతున్నారు. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 2001లో దాన్ని పరిచయం చేసిన అధ్యయనంలో 10ని గీతగా పెట్టుకుంటే డిప్రెషన్ ఉన్నవాళ్లలో 88 శాతం మందిని పట్టుకుంది, లేనివాళ్లలో 88 శాతం మందిని లేదని సరిగ్గా చెప్పింది. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. దాన్ని వెయ్యి మంది ఉన్న కాలేజీలో పెట్టామని, వాళ్లలో నిజంగా డిప్రెషన్ ఉన్నది 50 మందికని అనుకుందాం. ఆ 50 మందిలో 44 మంది దొరుకుతారు. మిగతా 950 మందిలో 12 శాతం, అంటే 114 మందికి డిప్రెషన్ లేకపోయినా 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తుంది. మొత్తం 158 మంది గీత దాటితే, నిజంగా జబ్బున్నది 44 మందికి. అందుకే దీన్ని స్క్రీనింగ్ అంటాం. గీత దాటినవాళ్లతో కూర్చుని మాట్లాడాకే ఏదైనా చెప్పాలి. "మా కాలేజీలో 16 శాతం మందికి డిప్రెషన్" అని పేపర్‌కిచ్చే ముందు ఈ లెక్క ఒకసారి వేయండి.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది మరొకటి ఉంది. ఆ ప్రశ్నావళిలో తొమ్మిదో ప్రశ్న, గత రెండు వారాల్లో చచ్చిపోతే బాగుండు అనో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అని అడుగుతుంది. డిసర్టేషన్ కోసం దాన్ని గూగుల్ ఫామ్‌లో పెట్టి, వాట్సాప్ గ్రూపుల్లో పంపి, రెండు నెలల తర్వాత ఎక్సెల్‌లో తెరిచేవాళ్లున్నారు. ఒక అమ్మాయి 'దాదాపు ప్రతిరోజూ' అని టిక్ పెట్టి, ఎవరైనా పలకరిస్తారేమోనని ఎదురుచూసి ఉంటే? పేరు, ఫోన్ నంబర్ తీసుకోలేదు కాబట్టి ఇప్పుడు వెతకడానికీ దారి లేదు. మనసు మీద పరిశోధనలో సూదులు, మందులు ఉండవు కాబట్టి ప్రమాదమేమీ లేదనుకోవడం పెద్ద పొరపాటు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, ఆ భయం అక్కర్లేదు. కానీ అడిగినవాళ్లకు జవాబు చూసే బాధ్యత ఉంటుంది. అదే రోజు చూసి స్పందించే ఏర్పాటు లేకపోతే ఆ ప్రశ్న అడగొద్దు. అది లేకుండా పీహెచ్‌క్యూ-8 అని వేరే రూపం ఉంది, వాడుకోండి. ఫామ్ చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబర్ 14416 ఎలాగూ ఉండాలి.

అపోహ: ఎక్కువ మంది నింపితే సర్వే నిజమైనట్టే.

1936లో అమెరికా ఎన్నికల ముందు ఒక పత్రికకు 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. ఓడిపోతాడని ఆ పత్రిక చెప్పిన రూజ్వెల్ట్ ఘనంగా గెలిచాడు. ఎంతమంది నింపారన్నది తర్వాత, ఎవరు నింపారన్నది ముందు చూడాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చాలా పద్ధతిగా జరిగింది. అందులో ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. దాని శాతాలను తీసుకుని "మన జిల్లాలో ఇన్ని లక్షల మంది" అని గుణించి చెబితే, అది కొలిచిన సంఖ్య కాదని గుర్తుంచుకోండి.

అపోహ: సంతకం ఉంది, కాబట్టి ఒప్పుకున్నట్టే.

2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే) టీకా అధ్యయనం జరిగింది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన బాలికలు. 2010లో దాన్ని ఆపేశారు. సమ్మతి పత్రాల్లో పెద్ద సంఖ్యలో తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టారని తేలింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

అది టీకా అధ్యయనం, నిజమే. కానీ మా రంగంలోనూ "హెచ్ఎం గారు పర్మిషన్ ఇచ్చారు" అన్న మాటతో క్లాసులకు క్లాసులనే కూర్చోబెట్టి ఫారాలు నింపిస్తున్నారు. హెచ్ఎం అనుమతి బడిలోకి అడుగుపెట్టడానికి మాత్రమే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల సమ్మతి కావాలి, దాంతోపాటు పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి: 7 నుంచి 12 ఏళ్ల వారిది నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ల వారిది రాతపూర్వకంగా. టీచర్ ఎదురుగా నిలబడి ఉంటే ఏ పిల్లా "నేను చెయ్యను సార్" అనదు. అందుకే మా విద్యార్థులు ఫారాలు ఇచ్చేటప్పుడు టీచర్‌ను బయట ఉండమని బతిమాలతారు. ఖాళీ ఫారం వెనక్కిచ్చినా ఎవరూ ఏమీ అనరని ముందే చెబుతారు. అలా చెప్పాక కొన్ని ఖాళీగా వస్తాయి. రావాలి కూడా. భయంతో నింపిన ఫారంలో ఉండేది ఎలాగూ ఆ పిల్ల మనసులో మాట కాదు.

అపోహ: లై డిటెక్టర్ అబద్ధాన్ని పట్టేస్తుంది.

అది చూసేది శ్వాస, నాడి, రక్తపోటు, చర్మం మీది చెమట. టెన్షన్ పడే నిర్దోషికీ అవే మారతాయి. ఒప్పుకోని మనిషి మీద దాన్ని వాడకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

అపోహ: పరిశోధనలో అనుకున్న తేడా కనబడకపోతే థీసిస్ ఫెయిల్.

ఈ భయంతోనే విద్యార్థులు పరికల్పనను (ముందుగా వేసుకున్న అంచనాను) ఫలితం వచ్చాక మార్చి రాస్తారు, పనికొచ్చే పట్టికలు ఉంచి మిగతావి తీసేస్తారు. 2015లో పరిశోధకులు 100 మనస్తత్వ అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం వాటిలో గణాంకపరంగా ముఖ్యమైన (కేవలం యాదృచ్ఛికమని సులువుగా కొట్టిపారేయలేని) ఫలితం ఉంటే, రెండోసారి 36 శాతం వాటిలోనే వచ్చింది. అన్నీ మోసాలని కాదు. చిన్న శాంపిళ్లు, నచ్చిన ఫలితాన్నే అచ్చువేసే అలవాటు కలిసి అక్కడికి తెచ్చాయి.

డేటా తీసుకోకముందే ఏం అడుగుతున్నారు, ఎంతమందిని, ఏ లెక్కతో చూస్తారు అన్నది మా విద్యార్థుల చేత రాయించి, తేదీ వేయించి, ఎథిక్స్ కమిటీ కాగితాలతో పాటు ఫైల్‌లో పెడుతున్నాం. వైవాకు వచ్చే పరీక్షకులను నేను అడిగేది ఒక్కటే: ఫలితాల అధ్యాయం తెరిచే ముందు ఆ కాగితం చదవండి, అందులో రాసినట్టే చేశారో లేదో చూసి మార్కులు వేయండి.