బలికి ఒప్పుకున్నాడంట, ఎవరు చెప్పారు?

ఉదయగిరి కొండల్లోనో గిద్దలూరు వైపు నల్లమలలోనో గుప్తనిధుల కోసం తవ్వుతూ దొరికిపోయారని వార్త వచ్చిందంటే మా ఊళ్ళో ఒకటే మాట, నిధి ఊరికే రాదబ్బా, బలి అడుగుద్ది అని. ఈ మాట ఇయ్యాల పుట్టింది కాదు.

వెంకటగిరి రాజుల వంశకథే చూడండి. వాళ్ళ మూలపురుషుడు చెవిరెడ్డికి పొలంలో నిధి కనపడింది, నరబలి ఇస్తేగానీ దక్కదని ఒక గొంతు వినపడింది, పక్కనే ఉన్న దళిత పాలేరు రేచడు నన్ను ఇచ్చెయ్యి దొరా అన్నాడంట, బదులుగా తన పేరు నిలబెట్టమని, వాళ్ళింట్లో పెళ్లికి ముందు తనవాళ్ళింట్లో ఒక పెళ్లి చేయించమని మాట తీసుకున్నాడంట. రేచర్ల గోత్రం అట్లా వచ్చిందంటారు. చిన్నప్పుడు విని ఎంత విశ్వాసమో అనుకున్నా. ఇప్పుడైతే, ఆ పాలేరు వద్దు దొరా అనగలిగేవాడా అని అడగాలనిపిస్తది. కథ చెప్పుకుంటా వచ్చింది నిధి దక్కినోళ్ళు, రేచడి పెళ్ళాం ఏమందో ఎక్కడా లేదు.

ఐతరేయ బ్రాహ్మణం అనే వేదకాలపు గ్రంథంలో శునశ్శేపుడి కథ ఇంకా పచ్చిగా ఉంటది. హరిశ్చంద్రుడు కొడుకు పుడితే వాణ్ణే బలి ఇస్తానని వరుణుడికి మొక్కుకుని వాయిదాలేస్తా పోయాడు, చివరికి ఆ కొడుకు రోహితుడే అడవిలో ఆకలితో అల్లాడే అజీగర్తుడికి 100 ఆవులిచ్చి తన బదులు ఒక పిల్లోణ్ణి కొన్నాడు. పెద్దోణ్ణి తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నోణ్ణి తల్లి ఇవ్వనంది, నడిపోడు శునశ్శేపుడు మిగిలాడు. స్తంభానికి కట్టడానికి ఎవరూ రాకపోతే ఇంకో 100 ఆవులకి తండ్రే కట్టాడు, నరకడానికి మరో 100. పిల్లోడు దేవతల్ని స్తుతించి బయటపడ్డాక తండ్రి రమ్మని పిలిచినా పోలేదు, విశ్వామిత్రుడి కొడుకుగా ఉండిపోయాడు. అది తప్పని అప్పుడే తెలుసు మరి.

శ్రీశైలంలో తలలు, నాలుకలు కోసుకునే భక్తుల కోసం 14వ శతాబ్దంలో వీరశిరోమండపం కట్టించింది కూడా మన అద్దంకి రెడ్డిరాజుల వంశంలోని అనవేమారెడ్డే. అక్కడ ఎవరి తల వాళ్ళదే, దాన్ని వేరేగా చూడాలి, కాకపోతే పుణ్యమని పుట్టినప్పట్నుంచీ నూరిపోస్తే అది ఎంతవరకు సొంత ఇష్టమో.

మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్న గంజాం కొండల్లో (ఇప్పుడు ఒడిశా) కోందులనే గిరిజనులు పసుపు బాగా ఎర్రగా పండాలని భూదేవికి మెరియా బలి ఇచ్చేవాళ్ళు. మెరియా అంటే వెల పెట్టి కొన్న మనిషి, లేదంటే అట్లాంటోళ్ళకి పుట్టిన బిడ్డ. 1845లో ఇంగ్లీషోళ్ళు దాన్ని ఆపడానికి చట్టం తెచ్చారు, ఆ వంకతో కొండల మీద పట్టూ బిగించారు. తర్వాత మనిషి చోట దున్నపోతు వచ్చింది. మన కొలుపుల్లో దున్నపోతుని కొట్టి, నెత్తురు కలిపిన అన్నం పొలిమేర చుట్టూ పొలి చల్లేదీ, కొత్తింటి ముందు బూడిద గుమ్మడికాయకి కన్నం పెట్టి కుంకం పోసి పగలగొడితే ఎర్రగా కారేదీ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తది.

జంతుబలి మీద మనకి 1950లోనే చట్టం ఉంది. నరబలి, చేతబడి లాంటి వాటి మీద మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ప్రత్యేక చట్టాలు తెచ్చుకున్నాయి, మనం ఇంకా తేలేదు, మామూలు హత్య కేసే. దేశం మొత్తం మీద 2021లో నరబలి కోసం జరిగిన హత్యలు 6 అని నేర రికార్డుల బ్యూరో లెక్క. 2022లో కేరళ ఎలంతూరులో సిరిసంపదల కోసం బలి ఇచ్చారని పోలీసులు చెప్పిన ఇద్దరూ లాటరీ టికెట్లు అమ్ముకునే ఆడవాళ్ళు, డబ్బులిస్తామంటే నమ్మి వెళ్ళారు.