ఏ బ్యాట్‌మ్యాన్ గొప్ప? ప్రొజెక్టర్ గదిలోంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌ని. రీళ్లు అతికించిన కాలం చూశాను, సర్వర్‌లోకి ఫైలు ఎక్కించి బటన్ నొక్కే కాలమూ చూస్తున్నాను. సూపర్‌హీరో బొమ్మ పడిందంటే చాలు, ఇంటర్వెల్‌లో క్యాంటీన్ దగ్గర పంచాయితీ మొదలవుతుంది. పాత బ్యాట్‌మ్యానా, కొత్తవాడా? ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లలో అసలైనవాడు ఎవడు? చివరికి "నువ్వు చెప్పన్నా, అన్నీ చూసినోనివి" అని నా మీదికి తోస్తారు. నేను చెప్పేది వాళ్లకు ఎప్పుడూ నచ్చదు. హీరోకు వేసే మార్కుల్లో సగం దీపానికీ, తెరకూ, సూటు తయారుచేసినవాళ్లకూ, ఎడిటింగ్ గదికీ పోవాల్సినవి. ఆ సగం తీసేశాక మిగిలినదాని మీద కొట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అపోహ: కొత్త బ్యాట్‌మ్యాన్ సినిమా అంతా చీకటే, ఏమీ కనపడదు. పాతవే నయం.

2022లో మ్యాట్ రీవ్స్ తీసిన 'ద బ్యాట్‌మ్యాన్' చీకటి సినిమానే, కాదనను. కానీ ఆ చీకటిని ఎంతో జాగ్రత్తగా కొలిచి పెట్టారు. కెమెరామ్యాన్ గ్రెగ్ ఫ్రేజర్ డిజిటల్‌లో తీసి, ఆ బొమ్మను ఫిల్మ్ మీదికి ఎక్కించి, మళ్లీ స్కాన్ చేసి డిజిటల్‌కు తెచ్చారు. నలుపులో కూడా ఒక మెత్తదనం, కాస్త రేణువు ఉండాలని ఇంత తతంగం. ఆ నలుపులో గోడ వేరుగా, సూటు వేరుగా తెలియాలి. మీకు రెండూ కలిసి ఒకే మసిగుడ్డలా కనపడ్డాయంటే, తప్పు చాలావరకు మా గదిలోదే.

డిజిటల్ ప్రొజెక్షన్‌కు ఒక కొలత ఉంది. తెర మధ్యలో పూర్తి తెలుపు వేస్తే చదరపు మీటరుకు 48 క్యాండెలాల (వెలుగును కొలిచే ప్రమాణం) వెలుగు రావాలి. ప్రొజెక్టరులో వెలిగే జెనాన్ ల్యాంపు పాతబడే కొద్దీ ఇది తగ్గిపోతుంది. ల్యాంపు ఖరీదైన వస్తువు, కరెంటు బిల్లు ఇంకో ఖర్చు. అందుకే కొన్ని హాళ్లలో ల్యాంపును దాని ఆయుష్షు దాటాక కూడా లాగుతారు, పవర్ తగ్గించి నడుపుతారు. బొమ్మ బయటికి వెళ్లే మా గది కిటికీ అద్దం మీద దుమ్ము ఉంటే ఇంకొంచెం పోతుంది. త్రీడీ ఫిల్టరు అడ్డం పెట్టి, తర్వాత టూడీ ఆటకు తియ్యడం మరిచిపోతే సగానికి పైగా వెలుగు గోవిందా.

పట్టపగలు పాటలు, తెల్ల చొక్కాలు ఉన్న మన సినిమాకు ఇదంతా పెద్దగా తెలియదు. బ్యాట్‌మ్యాన్‌కు మాత్రం ప్రాణం పోతుంది. 1966లో ఆడమ్ వెస్ట్ నటించిన బ్యాట్‌మ్యాన్ సినిమాను గుడ్డి ల్యాంపు మీద వేసినా ఎవరూ ఫిర్యాదు చేయరు. అమెరికాలో కలర్ టీవీ కొత్తగా ఊపందుకుంటున్న రోజుల్లో వచ్చిన సీరియల్‌కు అనుబంధంగా తీసింది అది. అందులో అన్నీ కళ్లు చెదిరే రంగులే. ఈ రెండింటినీ ఒకే హాల్లో, ఒకే ల్యాంపు మీద చూసి పోల్చితే పాతదే గెలుస్తుంది. అది నటుడి గెలుపు కాదు.

మీ హాలు సంగతి తేల్చుకోవడానికి చిన్న చిట్కా. సినిమాకు ముందు వచ్చే ప్రకటనల్లో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉన్నది ఒకటైనా ఉంటుంది. ఆ తెలుపు పసుపుగానో బూడిదగానో ఉంటే, ఇక హీరోను తిట్టకండి, మేనేజర్‌ను అడగండి.

అపోహ: బొమ్మకు పక్కల నల్లపట్టీలు ఉన్నాయంటే ప్రింటు లోపం.

బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ లాంటి హీరోలంతా కలిసి వచ్చే 'జస్టిస్ లీగ్'కు దర్శకుడు స్నైడర్ తర్వాత చేసిన వెర్షన్‌ను ఇంట్లో టీవీలో చూసి "బొమ్మ కట్ అయిందన్నా" అని ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. కట్ కాలేదు. నిలువెత్తు ఐమాక్స్ తెరను మనసులో పెట్టుకుని జాక్ స్నైడర్ దాన్ని కావాలనే పాత టీవీల ఆకారంలో, 4:3లో ఉంచాడు. వెడల్పాటి టీవీలో పక్కలు ఖాళీగా మిగిలేది అందుకే. అసలు పోల్చడం మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇదీ, అంతకుముందు హాళ్లకు వచ్చినదీ కలిపి చూడటం కంటే మంచి జోడీ దొరకదు. ఎందుకంటే హీరోలు వాళ్లే, నటులు వాళ్లే, మూల షూటింగూ చాలావరకు అదే.

2017లో హాళ్లకు వచ్చింది 2 గంటల సినిమా. కుటుంబంలో జరిగిన విషాదం వల్ల స్నైడర్ తప్పుకుంటే, జాస్ వీడన్ వచ్చి కొన్ని సీన్లు మళ్లీ తీశాడు. 2021లో వచ్చిన స్నైడర్ వెర్షన్ నిడివి 4 గంటల 2 నిమిషాలు. మొదటిదాంట్లో సైబోర్గ్ అనే కుర్రాడు గుంపులో గోవిందయ్య. రెండోదాంట్లో కథకు గుండెకాయ అతనూ, అతని తండ్రే. నటుడు రే ఫిషర్ రెండింటిలోనూ ఒక్కడే. మొదటిది మాత్రమే చూసి "వాడికి నటన రాదు" అన్నవాళ్లను నేను ఎరుగుదును.

సూపర్‌మ్యాన్ పైపెదవిని కూడా గమనించండి. మళ్లీ షూటింగ్ పెట్టే సమయానికి హెన్రీ కావిల్ ఇంకో సినిమా కోసం మీసం పెంచి ఉన్నాడు, తియ్యడానికి వీల్లేదు. అందుకని కంప్యూటర్‌లో మీసం చెరిపేశారు. 2017 సినిమా మొదట్లోనే పిల్లలు ఫోన్‌లో సూపర్‌మ్యాన్‌ను వీడియో తీసే సీను ఉంటుంది. అక్కడ ముక్కుకీ పెదవికీ మధ్య చర్మం మైనంలా కదులుతుంది. మా పెద్ద తెర మీద అది దాగదు, ఫోన్‌లో చూసినవాళ్లకు అంతగా తెలియదు. ఆ సీను చూసి కావిల్ బిగుసుకుపోయాడంటే పాపం ఆయన ఏం చేస్తాడు?

సంగీతమూ మారింది. 2017లో డానీ ఎల్ఫ్‌మన్ తన 1989 నాటి బ్యాట్‌మ్యాన్ బాణీని మళ్లీ వినిపించాడు. 2021లో టామ్ హోల్కెన్‌బోర్గ్ మొత్తం కొత్తగా చేశాడు. కళ్లు మూసుకుని వింటే రెండూ వేరే వేరే హీరోల సినిమాలు.

అపోహ: మైకేల్ కీటన్ బ్యాట్‌మ్యాన్ కర్రలా ఉంటాడు, క్రిస్టియన్ బేల్‌లో చురుకు ఉంది.

1989 సినిమా ఈసారి చూసినప్పుడు కీటన్ మెడను మాత్రమే చూస్తూ కూర్చోండి. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే తల తిప్పడు. భుజాలు, ఛాతీ, తల మూడూ ఒకేసారి తిరుగుతాయి. ముసుగు, భుజాల మీది రబ్బరు కలిసే ఉన్నాయి కాబట్టి తల తిప్పడానికి దారే లేదు. ఆయన ఆ కష్టాన్నే ఒక పద్ధతిగా మార్చుకున్నాడు. కదిలితే నిండుగా, లేదంటే శిలలా. నాకైతే బ్యాట్‌మ్యాన్‌లలో ఆ తిరగడమే ఇష్టం. బేల్‌కు కూడా 2005 నాటి తన మొదటి బ్యాట్‌మ్యాన్ సినిమాలో మెడ బాధ తప్పలేదు. 2008 'ద డార్క్ నైట్'లో తల తిప్పగలిగే సూటు కావాలని కథలోనే అడిగించారు. వందకు పైగా ముక్కలతో కొత్త సూటు తయారైంది. ఆ సినిమా నుంచే ఫైట్లలో చురుకు పెరిగింది.

అపోహ: కామిక్‌లో ఉన్నట్టు తీసినవాడే అసలైన హీరో.

స్పైడర్‌మ్యాన్ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని కేసు ఇది. 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో సృష్టించిన కుర్రాడు సాలెదారాన్ని తానే తయారుచేసి, మణికట్టుకు కట్టుకున్న పరికరంతో వదులుతాడు. 2002లో శామ్ రైమీ సినిమాలో టోబీ మగ్వైర్ చేతుల్లోంచే దారం వస్తుంది. ఆ ఆలోచన అంతకుముందే జేమ్స్ కామెరాన్ రాసుకున్న కథలో ఉంది. 2012లో ఆండ్రూ గార్‌ఫీల్డ్, ఆ తర్వాత టామ్ హాలండ్ మళ్లీ పరికరానికి వచ్చారు. అయితే తమాషా ఏమంటే, రైమీ సినిమా వచ్చాక 2004లో కామిక్ కూడా కొంతకాలం అదే దారి పట్టి, చేతుల్లోంచే దారం రప్పించింది. ఇప్పుడు ఎవరు ఎవరిని అనుసరించినట్టు?

మనవాళ్లు ఈ విషయంలో ఇంత పట్టింపుగా ఉండటం నాకు వింతే. మన తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో 'మాయాబజార్' తీశాడు. వ్యాసభారతంలో శశిరేఖ పెళ్లి కథే లేదు. దాని కోసం ఎవరైనా హాల్లోంచి లేచిపోయారా? ఆ సినిమాలో ఎన్టీఆర్ కృష్ణుడు, 1963 'నర్తనశాల'లో కాంతారావు కృష్ణుడు. ఇద్దరికీ దండం పెట్టుకున్నాం.

అపోహ: పాత సూపర్‌మ్యాన్ గ్రాఫిక్స్ నాసిరకం.

1978 సూపర్‌మ్యాన్‌లో మీరనుకునే గ్రాఫిక్స్ లేవు. అక్కడ పనిచేసింది మా ప్రొజెక్టరే! నటుడి వెనక ఒక ప్రత్యేకమైన తెర ఉంటుంది. దాని మీది సన్నటి గాజుపూసలు పడ్డ వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. కెమెరా ముందు 45 డిగ్రీల కోణంలో సగం పారదర్శకంగా ఉండే అద్దం, దాని పక్కన ప్రొజెక్టరు. ఆకాశం బొమ్మ అద్దం మీదుగా వెళ్లి తెర మీద పడి తిరిగి కెమెరాలోకి వస్తుంది. నటుడి ఒంటి మీదా పడుతుంది కానీ కంటికి ఆనేంత వెలుగు కాదు.

ఆ సినిమాకు ట్రిక్ షాట్లు చేసిన జోరాన్ పెరిసిక్ దీనికి ఇంకో మెలిక పెట్టాడు. కెమెరాకూ ప్రొజెక్టరుకూ జూమ్ లెన్సులు బిగించి రెండింటినీ జత కలిపాడు. కెమెరా దగ్గరికి లాగుతుంటే, అదే లెక్కలో ప్రొజెక్టరు తెర మీది బొమ్మను చిన్నది చేస్తుంది. దాంతో ఆకాశం ఉన్నచోటే ఉంటుంది, సూపర్‌మ్యాన్ వేషంలోని క్రిస్టఫర్ రీవ్ మాత్రం మీదికి దూసుకొస్తాడు. మనిషి ఉన్నచోటు నుంచి అంగుళం కదలడు. లెన్సు ఫోకస్ పట్టి చూసినవాడికి ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. దీన్ని 2013 నాటి సూపర్‌మ్యాన్ సినిమా 'మ్యాన్ ఆఫ్ స్టీల్' పక్కన పెట్టి నాసి అనడం నాకు మింగుడుపడదు.

అపోహ: ముందు హీరో ఫ్లాప్ అయ్యాడు కాబట్టే నటుణ్ని మార్చారు.

2007లో 'స్పైడర్‌మ్యాన్ 3' ప్రపంచమంతా కలిపి దాదాపు 89 కోట్ల డాలర్లు వసూలు చేసింది. అయినా 2010లో నాలుగో భాగం ఆపేసి కొత్త కుర్రాడితో మొదలుపెట్టారు. కథ కుదరకపోవడం, విడుదల తేదీల టెన్షన్, హక్కులు చేజారకుండా వరసగా సినిమాలు తియ్యాల్సిన అవసరం, ఇవన్నీ ఉంటాయి.

అపోహ: తెలుగులో స్పైడర్‌మ్యాన్‌కు జోకులు బాగా పడతాయి, బ్యాట్‌మ్యాన్ మాత్రం తెలుగు రానట్టు మాట్లాడతాడు.

స్పైడర్‌మ్యాన్ ముసుగు మొహమంతా కప్పేస్తుంది. ముసుగు వేసుకున్నాడంటే డబ్బింగ్ రచయితకు పండగే. పెదవులు కనపడవు కాబట్టి మాట పొడుగైనా పొట్టిదైనా ఇబ్బంది లేదు, మధ్యలో ఇంకో పంచ్ ఇరికించినా పట్టుకోలేరు. బ్యాట్‌మ్యాన్ ముసుగు సరిగ్గా నోటి దగ్గర తెరిచి ఉంటుంది. పైగా నల్ల ముసుగు మధ్యలో తెల్లగా కనిపించేది ఆ నోరొక్కటే, కళ్లన్నీ అక్కడే. ఇంగ్లీషులో పెదవులు మూసిన చోట తెలుగులోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. అందుకోసం మాటల వరస తిప్పేస్తారు, మనకు ఎబ్బెట్టుగా వినపడుతుంది.

2021 డిసెంబర్ 16న మన దగ్గర తెలుగులోనూ విడుదలైన 'నో వే హోమ్'లో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లూ ఒకే తెర మీద ఉంటారు. ముగ్గురూ మొహాలు చూపించి మాట్లాడుకునే సీన్లను, ముసుగులు వేసుకుని మాట్లాడే సీన్లను తెలుగులో విడివిడిగా వినండి. ఎక్కడ మాట సాఫీగా జారిందో, ఎక్కడ కుదించి తోశారో మీ చెవులకే తెలుస్తుంది.