ఖాళీ డబ్బా సంగతి

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు బీరువా సర్దుతూ, ఖాళీదే కదా అని నా నల్ల డబ్బాని పారేయబోయారట. అమ్మమ్మ చూసి ఆపింది. మీ తప్పేం లేదు, దాని సంగతి నేనే ఎప్పుడూ చెప్పలేదు.

అది జర్మనీ సైనిక పతకం ‘ఐరన్ క్రాస్’ పెట్టుకునే డబ్బా. 1813లో నెపోలియన్‌తో యుద్ధం చేస్తూ ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యాల్లో ఒకటి) రాజు మూడో ఫ్రెడరిక్ విలియం ఆ పతకాన్ని మొదలుపెట్టాడు. ఖజానాలో డబ్బు లేదు. జనం బంగారు ఉంగరాలు ఇచ్చేసి ఇనుప ఉంగరాలు తొడుక్కున్న రోజులవి. అందుకే పతకం కూడా ఇనుముదే: నల్లటి ఇనుప శిలువ, చుట్టూ సన్నటి వెండి అంచు. అధికారికైనా మామూలు సిపాయికైనా అదే. 1870లో, 1914లో, 1939లో మళ్లీ ఇచ్చారు.

1914 నాటి రెండో తరగతి పతకాలు 50 లక్షల దాకా ఇచ్చారని అంచనా. ఒకటో తరగతివి రెండు లక్షల పైచిలుకే. ఒకటో తరగతి వాటిని ఇలాంటి డబ్బాలో పెట్టి ఇచ్చేవారు. మన ఉంగరం డబ్బా లాంటిదే. అడుగున వెల్వెట్, మూతకి శాటిన్, వెనక పిన్ను దిగడానికి ఒక చీలిక.

బెర్లిన్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఒక ఆదివారం పాత సామాన్ల సంతలో పతకం, డబ్బా కలిపి కొన్నాను. బేరం బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఇంటికొచ్చి చూస్తే పిన్ను చీలికలోకి దిగదే! అయస్కాంతం పెట్టాను, అంటుకుంది. దాన్ని బట్టి ఏమీ తేలదు. నకిలీలు చేసేవాళ్లకీ ఇనుము దొరుకుతుంది, అసలు వాటిలోనూ కొన్ని ఇత్తడివి ఉంటాయి. భూతద్దంతో అంచు చూశాను. అసలుదైతే మామూలుగా ముందు వెండి చట్రం, వెనక పలక కలిపి అతికిన సన్నటి గీత పక్కన కనబడాలి. నా దానికి గీతే లేదు, మొత్తం ఒకే పోత. డబ్బా పాతది, పతకం కొత్తది. రెండింటినీ జతకట్టి నాకు అంటగట్టారు.

1939 నాటివి మాత్రం నేను కొనను. వాటి మీద నాజీల గుర్తు ఉంటుంది. చూడగానే మన గడప మీది స్వస్తిక్ అనుకుంటారేమో, అక్కడ దాని అర్థం వేరు. జర్మనీలో దాన్ని బాహాటంగా ప్రదర్శిస్తే నేరం, చరిత్ర చెప్పడం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప. అందుకే 1957 చట్టం ప్రకారం, ఆ గుర్తు తీసేసి ఓక్ ఆకులు వేసిన పతకాన్నే ఒంటి మీద తగిలించుకోవచ్చు.

ఇంకో మాట, నా దగ్గరున్న మిగతా పతకాల్ని చింతపండు పెట్టి తోమకండి! ఆ నలుపు పోతే విలువా పోతుంది.

నకిలీ పతకం ఎప్పుడో వదిలించుకున్నాను, డబ్బా ఉంచుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు మూత తీసి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. వెల్వెట్ మీద శిలువ నాలుగు చేతుల అచ్చు కనిపిస్తుంది, ఎవరిదో అసలు పతకం ఏళ్ల తరబడి నొక్కుకున్న చోటు.

మీ తాతయ్య