మూడు వేళ్ళ కింద నరం

మీ ఎడమ భుజం బయటి అంచున ఎముక కొస ఒకటి చేతికి తగులుతుంది. కుడిచేతి మూడు వేళ్ళు దగ్గరగా చేర్చి, ఆ కొస నుంచి కిందికి అడ్డంగా ఆనించండి. వేళ్ళు ఆగిన చోటికి కాస్త అటూ ఇటూగా, కండరం లోపలి వైపున, ఒక నరం ఎముకను చుట్టుకుని పోతుంది. పేరు యాక్సిలరీ నరం. చెయ్యిని పక్కకి ఎత్తే డెల్టాయిడ్ కండరం దీని మీదే ఆధారపడింది. రెక్కాడితేగాని డొక్కాడని మనిషికి ఈ నరం పోతే బతుకుతెరువే ఆగిపోతుంది.

భుజం కీలును నాలుగు కండరాల టెండన్లు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్ళు) కలిసి పట్టీలా కప్పి ఉంచుతాయి. దాన్నే రొటేటర్ కఫ్ అంటారు. వయసుతో అరిగో, కింద పడో అది చిరుగుతుంది. తిరిగి ఎముకకి కుట్టే ఆపరేషన్ ఇప్పుడు ఎక్కువగా కీహోల్‌లోనే, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చూస్తూ, చేస్తున్నారు. కోసి చేయాల్సి వస్తే డెల్టాయిడ్ పోగుల మధ్య నుంచి దారి చేసుకోవాలి. ఆ చీలిక ఎముక కొస నుంచి 5 సెం.మీ. దాటకూడదన్నది సర్జన్లు మొదట్లోనే నేర్చుకునే పాఠం. చాలామంది చీలిక అడుగున ఒక కుట్టు వేసి ఉంచుతారు, పక్కలకి లాగి పట్టుకున్నప్పుడు అది ఇంకా కిందికి చిరక్కుండా. టెండన్‌తో ఆ కుట్టుకి ఏ సంబంధమూ లేదు, నరాన్ని కాపాడ్డానికే వేస్తారు. నాకు ఈ ఆపరేషన్ మొత్తంలో బాగా నచ్చే పని అదే.

అలాగని 5 సెం.మీ. అందరికీ ఒకే లెక్క కాదు. పొట్టి మనుషుల్లో నరం ఇంకా పైన ఉండొచ్చు. చెయ్యి పక్కకి ఎత్తినా అది ఎముక కొసకి దగ్గరవుతుంది.

పాత చిరుగుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. తెగిన టెండన్ రబ్బరు బ్యాండులా లోపలికి ముడుచుకుపోతుంది. దాన్ని అతుకుల నుంచి విడిపించి బయటికి లాగాలి. ఆ టెండన్ తాలూకు కండరానికి వెళ్ళే సుప్రాస్కాపులర్ నరం రెక్క ఎముక పై అంచులోని చిన్న గాడిలోంచి, ఒక గట్టి పట్టీ కింద నుంచి వస్తుంది. అక్కడ అది అటూ ఇటూ జరగలేదు. కండరాన్ని మరీ లాగితే నరమూ సాగుతుంది. వెనకవైపు కీలు గిన్నె అంచుకి ఈ నరం సుమారు 2 సెం.మీ. దూరంలోనే ఉంటుంది కాబట్టి విడిపించే పనిముట్టు అంత లోపలికి పోకూడదు. టెండన్ అందకపోతే అందినంతవరకే కుట్టి ఆపేసే సర్జన్లున్నారు. పేషెంటుకి అసంతృప్తిగా అనిపించొచ్చు గానీ, అది సరైన నిర్ణయమే అంటాను. నరం పనిచేయని కండరానికి టెండన్ ఎంత చక్కగా కుట్టినా చెయ్యి లేవదు.

కత్తి తగలకుండా కూడా నరం దెబ్బతినొచ్చు. ఆపరేషన్ బల్ల మీద మెడ ఒక పక్కకి వాలిపోయినా, పక్కకి పడుకోబెట్టి చెయ్యిని లాగి ఉంచడానికి కట్టిన బరువు ఎక్కువైనా మెడ నుంచి వచ్చే నరాల గుంపు సాగుతుంది. అందుకే తల నిటారుగా ఉందా లేదా అని మధ్యమధ్యలో చూస్తారు.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు మీ భుజం బయటి వైపు దూదితో తాకి, తెలుస్తోందా అని అడిగితే విసుక్కోకండి. ఆ చోట చర్మానికి స్పర్శనిచ్చేది యాక్సిలరీ నరమే. మెడ దగ్గర ఇచ్చే మత్తు ఇంజక్షన్‌తో భుజం, చెయ్యి మొద్దుబారతాయి కాబట్టి, అది దిగేదాకా నరం బాగుందో లేదో తేలదు. ముందు ఎలా ఉందో రాసి ఉంచుకుంటేనే తర్వాత పోల్చి చూడగలరు. సాగిన నరాలు చాలావరకు వారాల్లో, నెలల్లో వాటంతటవే కోలుకుంటాయి. లోపలి పోగులు తెగితే మాత్రం రోజుకి సుమారు 1 మి.మీ. చొప్పున మళ్ళీ పెరగాలి. మత్తు దిగాల్సిన సమయం దాటినా ఆ చోట తిమ్మిరి తగ్గకపోతే, రివ్యూ తేదీ కోసం ఆగకుండా ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయండి.