జాస్పర్‌కి ఆ పసుపు ఎక్కడిది?

పసుపు రంగు రత్నం అనగానే మనకి పుష్యరాగమే గుర్తొస్తుంది. కానీ అందులోంచి వెలుతురు దాటుతుంది, పసుపు జాస్పర్ అనే రాయిలోంచి దాటదు. వెనక టార్చి పెట్టి చూసినా అంతే, రాయి ముద్ద పసుపులా నిండుగా ఉంటుంది.

జాస్పర్ పలుగురాయి (క్వార్ట్జ్) జాతే. కాకపోతే స్ఫటికాలు కంటికి కనపడనంత సన్నవి, వాటి మధ్య ఇరుక్కున్న వేరే ఖనిజాలు ఒక్కోసారి 20 శాతం దాకా ఉంటాయి. వెలుతురుకి అడ్డుపడేవీ, రంగు ఇచ్చేవీ అవే. పసుపు జాస్పర్‌లో ఆ ఖనిజం గోథైట్, అంటే ఇనుప తుప్పులో ఉండేదే! మన నంద్యాల జిల్లా బేతంచెర్ల వైపు తవ్వే పసుపు మన్నుకీ, అదే ఎల్లో ఓకర్‌కీ, రంగు దీనివల్లే వస్తుంది.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. గోథైట్‌ని సుమారు 300 డిగ్రీల దాకా వేడిచేస్తే అందులోని హైడ్రోజన్, కొంత ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరిగా వెళ్లిపోతుంది, మిగిలేది ఎర్రటి హెమటైట్. గుజరాత్‌లోని ఖంభాత్ పనివాళ్లు తరతరాలుగా అకీకు (అగేట్) రాళ్లని కాల్చి ఎర్రగా మార్చేది ఈ రసాయన మార్పుతోనే.

పశ్చిమ ఆస్ట్రేలియాలో కెన్నెడీ రేంజ్ పక్కన, మూకా క్రీక్ దగ్గర దొరికే ముకైట్ అనే జాస్పర్‌లో ఈ పసుపూ ఎరుపూ ఒకే రాయిలో పక్కపక్కనే కనిపిస్తాయి. డైనోసార్లు ఇంకా బతికున్న క్రెటేషియస్ కాలంలో అక్కడ సముద్రం ఉండేది, అందులో రేడియోలేరియా అనే ఏకకణ జీవులు సిలికాతో తమ అస్థిపంజరాలు కట్టుకునేవి. అవి చచ్చి అడుగున పేరుకుపోయాక, నీళ్లు ఆ సిలికాని కరిగించి మళ్లీ సందుల్లో గట్టిపరిచాయి, ఇనుము రంగేసింది. అన్ని జాస్పర్లూ ఇలాగే పుట్టవు, అగ్నిపర్వత బూడిదలోకి సిలికా నీళ్లు ఇంకి తయారైనవీ ఉన్నాయి.

రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ స్కేలు మీద జాస్పర్ కాఠిన్యం 6.5 నుంచి 7. చెకుముకి రాయిలాగే పగిలితే అంచు పదునుగా వస్తుంది కాబట్టి రాతియుగం వాళ్లు పనిముట్లు చేసుకున్నారు, హరప్పా వాళ్లు పూసలు చేశారు. ఇప్పుడు ఎక్కువగా ఉంగరాల్లో పైభాగం గుండ్రంగా తీర్చిన రాళ్లుగా, దండల్లో పూసలుగా వాడతారు. ఖరీదు తక్కువే, అయినా హౌలైట్ లాంటి మెత్తని రాయికి రంగేసి దీని పేరుతో అంటగట్టే అవకాశం ఉంది. కనపడని మూల చాకుతో మెల్లగా గీసి చూడండి, గీత పడి పొడి రాలితే అది జాస్పర్ కాదు.