రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం: అపోహలు - వాస్తవాలు

మాది పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో, ఇటు పాతపట్నం నుంచి అటు కాశీనగర్ దాకా పెళ్లిళ్లకి తిరుగుతాం, ఆల్బమ్ పని కూడా మేమే చేసుకుంటాం. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు లేయర్ల గురించి, అంటే కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచే ఫొటో పొరల గురించి అడిగేవి విని విని, ఒకచోట రాసి పెడితే మంచిదనిపించింది.

అపోహ: ఆటో అలైన్ నొక్కితే ఏ రెండు ఫొటోలైనా కలిసిపోతాయి.

అన్నిట్లోకి పెద్ద అపోహ ఇదే. ఫొటోషాప్‌లో ఆటో అలైన్ లేయర్స్ 2007లో సీఎస్3 అనే వెర్షన్‌తో వచ్చింది, అది రెండు లేయర్లలోనూ ఒకేలా ఉన్న మూలలు, అంచులు పట్టుకుని అవి కలిసేలా ఫొటోని జరుపుతుంది, తిప్పుతుంది, అవసరమైతే సాగదీస్తుంది, అంతే. కెమెరా అదే చోట ఉండి కాస్త కదిలితే చక్కగా పనిచేస్తుంది. మీరే రెండడుగులు పక్కకి జరిగి రెండో ఫొటో తీశారా, ఇక కష్టమే. బస్సులో వెళ్తుంటే రోడ్డు పక్క చెట్లు గబగబా వెనక్కి పోతాయి, మహేంద్రగిరి మాత్రం మనతోపాటే వస్తున్నట్టు ఉంటుంది కదా, ఫొటోలో జరిగేదీ అదే, దీన్ని పారలాక్స్ అంటారు. ముందు వరసలో మనుషులు కుదిరితే వెనక మండపం స్తంభాలు రెండేసి కనబడతాయి, స్తంభాలు కుదిరిస్తే మొహాలు చెదిరిపోతాయి.

ఒక పెళ్లిలో ట్రైపాడ్ పెట్టకుండా స్టూల్ మీద నుంచి ఒకటి, కిందకి దిగి ఒకటి తీశాను. మొదటి దాంట్లో పెళ్లికూతురి నాయనమ్మగారు కళ్లు మూసేశారు, రెండో దాంట్లో కళ్లు బాగున్నాయి గానీ భుజం, చీర అంచు ఎంతకీ కలవలేదు, రాత్రంతా కూర్చుని చివరికి మొహం ఒక్కటే తీసి పెట్టాను. మనవలందరితో ఆవిడకి ఉన్న ఫొటో అదొక్కటే. అప్పట్నుంచీ గ్రూప్ ఫొటో అంటే ట్రైపాడ్ ఉండాల్సిందే, జూమ్ ముట్టుకోకుండా నాలుగైదు తీస్తాను.

అపోహ: పై లేయర్ ఒపాసిటీ 50 శాతానికి తగ్గించి, అంటే కింది ఫొటో సగం కనబడేలా పలచన చేసి, కంటితో చూసుకుంటే చాలు.

దగ్గరగా తేవడానికి సరిపోతుంది, కచ్చితంగా కుదరడానికి సరిపోదు. పై లేయర్ కింది దానితో ఎలా కలిసి కనబడాలో చెప్పే బ్లెండ్ మోడ్‌ని డిఫరెన్స్‌కి మార్చండి, రెండూ కలిసిన చోటంతా నల్లగా అయిపోతుంది, కలవని అంచులు గీతల్లా వెలుగుతాయి. మూవ్ టూల్ పట్టుకుని యారో కీ నొక్కితే ఒక పిక్సెల్, షిఫ్ట్‌తో నొక్కితే 10 పిక్సెల్స్ జరుగుతుంది, ఆ గీతలు సన్నబడేదాకా జరుపుకోవడమే. గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ మోడ్ ఉంది, డబ్బులు పెట్టి కొనక్కర్లేదు.

అపోహ: ఆటో అలైన్ మసగ్గా ఉండి నొక్కుడు పడట్లేదంటే సాఫ్ట్‌వేర్ పాడైంది.

కాదు, రెండు లేయర్లూ కలిపి సెలెక్ట్ చేశారో లేదో చూడండి. లేయర్ స్మార్ట్ ఆబ్జెక్ట్ అయితే, అంటే అసలు ఫొటోని లోపల భద్రంగా దాచుకున్న రకం అయితే, రాస్టరైజ్ చేసి మామూలు లేయర్‌గా మార్చాలి.

అపోహ: పేస్ట్ చేసిన ఫొటో చిన్నగా వచ్చిందంటే స్కేల్ పెంచేస్తే సరి.

ఒకటి 4000 పిక్సెల్స్ వెడల్పు, ఇంకోటి వాట్సాప్‌లో తిరిగి 1600కి తగ్గి వస్తే, సాగదీసినా లేని వివరం ఎక్కణ్ణుంచి వస్తుంది? డాక్యుమెంట్‌గా పంపమని కస్టమర్‌ని ముందే అడగండి.

అపోహ: పెద్ద ఫ్రేమ్ ఫొటో చిన్న స్కానర్‌లో చెయ్యలేం.

పాత ఇళ్లలో గోడ మీద ఉండే తాతల ఫొటోలు ఏ4 స్కానర్‌లో పట్టవు, సెల్‌ఫోన్‌తో కొడితే గ్లేర్ వస్తుంది. ఫ్రేమ్‌లోంచి జాగ్రత్తగా తీసి రెండు ముక్కలుగా స్కాన్ చెయ్యండి, మధ్యలో 40 శాతం దాకా రెండింట్లోనూ ఉండాలి, ఫొటో అంచుని గాజు అంచుకి ఆనించే ఉంచండి. కలిపేటప్పుడు ఆటో అలైన్ నొక్కితే వచ్చే ఆప్షన్లలో ఆటో కాకుండా, ఫొటోని జరిపి తిప్పడం మాత్రమే చేసే రీపొజిషన్ ఓన్లీ పెట్టుకోండి, స్కానర్‌లో కోణం మారదు కాబట్టి సాగదీసే పనే ఉండదు, ఆటో పెడితే ఒక్కోసారి తిన్నని అంచు వంగిపోతుంది.

ఇంకోటి, అక్కర్లేని భాగం ఎరేజర్‌తో చెరపకండి, లేయర్ మీద ముసుగులా పనిచేసే మాస్క్ వెయ్యండి, దాని మీద నలుపు పూస్తే ఆ భాగం దాస్తుంది, తెలుపు పూస్తే మళ్లీ చూపిస్తుంది. జేపీజీలో లేయర్లు ఉండవు కాబట్టి లేయర్లతో సహా ఉండే ఫొటోషాప్ ఫైల్ పీఎస్‌డీ కూడా దాచండి. ఒక ఇంటివాళ్లు ఆరు నెలల తర్వాత వచ్చి వెనక నిలబడ్డ మేనమామ మొహం కూడా మార్చమన్నారు, పీఎస్‌డీ ఉంది కాబట్టి వాళ్లు టీ తాగేలోపు చేసి ఇచ్చాను.